పసిచేతికి తొలి చాకు

తెలుగు ఇళ్లలో అన్నప్రాశన నాడు ఒక వేడుక ఉంది. పాయసం నాకించడం అయ్యాక బిడ్డను చాప మీద వదిలి, ఎదురుగా పుస్తకం, కలం, బంగారం, పూలు, పిండివంట వరసగా పెడతారు. చాలా ఇళ్లలో వాటి పక్కన ఒక కత్తి కూడా ఉంటుంది. బిడ్డ పాకుతూ వెళ్లి దేని మీద చెయ్యి వేస్తే ఆ దారిలో పైకొస్తుందని నమ్మకం. చెయ్యి కత్తి మీద పడితే ఎవరూ ఉలిక్కిపడరు, గుండె నిబ్బరం గల బిడ్డ అని మురిసిపోతారు. ఆరో నెలలో అంత ఆదరంగా ముందు పెట్టిన ఆ కత్తి మర్నాటి నుంచి అందనంత ఎత్తుకు చేరుతుంది. తరవాత పదేళ్ల పాటు కత్తి గురించి పిల్లలు వినే మాట ఒక్కటే: ముట్టుకోకు.

నడక నేర్చిన కొత్తలో ఆ మాట అవసరమే. కానీ నాలుగేళ్లు నిండి, బొత్తాలు తనే పెట్టుకుంటూ, చెప్పింది చివరిదాకా వినే వయసు వచ్చాక కూడా అదే మాట సాగుతోంది. తీరా చదువుకో ఉద్యోగానికో పరాయి ఊళ్లో గది అద్దెకు తీసుకున్నాక, ఉల్లిపాయను ఎలా పట్టుకోవాలో తెలియక వేలు తెగ్గోసుకునేవాళ్లు తక్కువేమీ కాదు. కోయడం ఒకరి పక్కన కూర్చుని నేర్చుకోవలసిన విద్య. నాలుగు, ఆరేళ్ల మధ్య అది మొదలుపెట్టడం మేలు. అందుకు పిల్లల చేతికి సరిపోయే చాకు, నిజంగా తెగే చాకు కావాలి.

జపాన్‌లో నాగానో ప్రాంతంలోని ఇకెదా పట్టణంలో ఐసోమే ప్రాథమిక పాఠశాల అని ఒకటుంది. 1980ల నుంచి అక్కడ ఒకటో తరగతిలో చేరిన పిల్లలందరికీ బడి తరఫునే తలా ఒక మడత చాకు ఇస్తున్నారు. పేరు హిగోనోకామి. మడిచిన రేకు పిడి, అందులోంచి తెరుచుకునే పొట్టి అలుగు, బొటనవేలితో అదిమిపట్టడానికి చిన్న తోక, అంతే దాని నిర్మాణం. ఆ చాకుతో పిల్లలు తమ పెన్సిళ్లు తామే చెక్కుకుంటారు.

ఒకప్పుడు జపాన్ పిల్లల జేబుల్లో ఈ చాకు మామూలు వస్తువు. 1960 అక్టోబరు 12న టోక్యోలో సోషలిస్టు పార్టీ అధ్యక్షుడు ఇనెజిరో అసనుమా సభావేదిక మీద మాట్లాడుతుండగా, పదిహేడేళ్ల కుర్రవాడు పొట్టి ఖడ్గంతో పొడిచి చంపాడు. టెలివిజన్ కెమెరాల ముందే జరిగిన ఆ హత్య దేశాన్ని కుదిపేసింది. పిల్లల చేతుల్లో పదునైన వస్తువులేవీ ఉండకూడదనే ఉద్యమం ఊరూరా సాగింది. తరగతి గదుల్లోకి పెన్సిలు చెక్కే యంత్రాలు వచ్చాయి, జేబుల్లోంచి చాకులు మాయమయ్యాయి. ఇప్పుడు హ్యోగో ప్రాంతంలోని మికి పట్టణంలో ఆ పేరుతో చాకులు తయారుచేసే కార్ఖానా ఒక్కటే మిగిలింది. ఖడ్గంతో జరిగిన ఘోరానికి పెన్సిలు చెక్కుకునే చాకు వెలి అయింది. భయం వేసినప్పుడు సమాజాలు ఇలాగే చేస్తాయి, అర్థం చేసుకోదగ్గదే. అయినా ఇకెదాలోని ఆ బడి పట్టుదల మెచ్చుకోదగింది.

ఉత్తర ఐరోపాలో కథ మరోలా నడిచింది. ఫిన్లండ్‌లో ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త పూనికతో 1866లో ప్రజా పాఠశాలల చదువులో చేతిపని చేరింది. స్వీడన్‌లో ఓటో సాలమన్ 1870ల్లో గోథెన్‌బర్గ్ దగ్గర నేస్ అనే ఎస్టేటులో ఉపాధ్యాయులకు చెక్కపని నేర్పే శిక్షణాలయం నడిపాడు. దేశదేశాల నుంచి టీచర్లు అక్కడికి వచ్చి నేర్చుకుపోయారు. ఆయన తయారుచేసిన పాఠాల వరసలో పిల్లల చేతికి మొదట వచ్చే పనిముట్టు చాకు. మొదటి వస్తువు కూడా చాకుతో చెక్కే చిన్న పుల్లే, పుస్తకంలో అక్షరాలను చూపించడానికి వాడేది. చాకు పని చేతికి వచ్చాకే రంపం, చిత్రిక. స్వీడన్ బడుల్లో చేతిపని ఇప్పటికీ తప్పనిసరి పాఠ్యాంశం. వెన్న రాసుకునే చెక్క కత్తిని తన చేత్తో చెక్కి ఇంటికి తెచ్చుకోవడం అక్కడి పిల్లలకు బాగా తెలిసిన ముచ్చట.

ఈ ఆలోచన మన దేశానికీ వచ్చింది. 1937లో వార్ధాలో గాంధీజీ జరిపిన విద్యా సమావేశం తరవాత, చేతివృత్తి చుట్టూ చదువు అల్లాలన్న ప్రణాళికను రాసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, మన హైదరాబాదులో పుట్టినవాడు. ఆ ప్రణాళికలో ప్రధాన స్థానం నూలు వడకడానికి దక్కింది. తకిలీ పిల్లల చేతికి రావడం మంచిదే. దాంతో పాటు చాకు కూడా వచ్చి ఉంటే, బడి పూర్తయ్యాక ప్రతి ఇంట్లో రోజూ పనికొచ్చే నేర్పు ఒకటి మిగిలేది.

మధ్య ఆఫ్రికా అడవుల్లో అకా అనే జనం ఉన్నారు. బారీ హ్యూలెట్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త వాళ్లతో కలిసి ఏళ్ల తరబడి పనిచేశాడు. అకా తల్లిదండ్రులు ఏడాది వయసు పిల్లలకే చిన్న గొడ్డలి, చిన్న చాకు, గడ్డలు తవ్వే పుల్ల చేసి ఇస్తారని ఆయన నమోదు చేశాడు. ఈ మాట చదివి మనమూ ఏడాది బిడ్డకు చాకు ఇవ్వబోతే అది తెలివితక్కువ పని. ఎందుకంటే హ్యూలెట్ మరో సంగతి కూడా లెక్కగట్టాడు. అకా తండ్రులు రోజులో 47 శాతం సమయం బిడ్డను ఎత్తుకునో, చెయ్యి చాపితే అందేంత దగ్గరలోనో ఉంటారు. అక్కడ పసిచేతిలో చాకు ఉన్నప్పుడు పెద్ద చెయ్యి పక్కనే ఉంటుంది. చాకు కంటే ముందు గమనించవలసింది ఆ దగ్గరతనాన్ని.

ఇక ఎంపిక సంగతి.

పిల్లల కోసమే తయారైన చాకులు ఐరోపాలో చాలాకాలంగా ఉన్నాయి, మన దేశంలోనూ కొన్ని ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చెక్కపిడి మడత చాకు 1897 నాటికి పన్నెండు సైజుల్లో వచ్చింది. 1955లో దానికి అలుగు వేళ్ల మీదకు మూసుకుపోకుండా ఆపే తిరుగుడు కట్టు అమర్చారు. అందులో ఏడో నంబరును మొన గుండ్రంగా చేసి పిల్లల తొలి చాకుగా అమ్ముతారు. అదే కంపెనీ వంటింటి కోసం చేసే పిల్లల చాకుకు పిడి ముందు ఒక ఉంగరం ఉంటుంది. చూపుడువేలు అందులోంచి పోనిస్తే చెయ్యి అలుగు మీదకు జారదు. కూర పట్టుకునే రెండో చేతి వేళ్లకు విడిగా ఒక కవచం ఇస్తారు. 1884లో కార్ల్ ఎల్జెనర్ పెట్టిన స్విస్ కార్ఖానా విక్టోరినాక్స్ కూడా గుండ్రటి మొనతో పిల్లల చాకు చేస్తుంది, కానీ దాని అలుగుకు తాళం లేదు. స్వీడన్‌లోని మోరా పట్టణం నుంచి వచ్చే పిల్లల చాకు మడవనిది, పిడికీ అలుగుకీ మధ్య వేళ్లను ఆపే అడ్డు ఉంటుంది. ఆరేళ్లలోపు వాళ్లకు మడత చాకు కంటే ఇలాంటి మడవని చాకే నయం. మూసేటప్పుడు వేలు నలిగే ప్రమాదం మడత చాకుతో ఎప్పుడూ ఉంటుంది, తాళం ఉన్నా అది వేయడం పిల్లలు మరిచిపోతారు.

అంత దూరం వెళ్లనక్కర్లేదు కూడా. వీధి చివర స్టీలు సామాన్ల కొట్టులో పండ్లు కోసుకునే చిన్న చాకు దొరుకుతుంది. అలుగు 6 నుంచి 8 సెంటీమీటర్ల పొడవుంటే చాలు. కొనేటప్పుడు పిల్లను వెంట తీసుకెళ్లి పిడి పట్టించి చూడాలి. పిడికిలి బిగిస్తే వేళ్లు పిడి చుట్టూ పూర్తిగా తిరిగి రావాలి, బొటనవేలు చూపుడువేలిని తాకాలి. నున్నటి ప్లాస్టిక్ పిడి తడిచేతిలో జారుతుంది. చెక్క పిడి గానీ, కాస్త గరుకుగా ఉన్నది గానీ మేలు. ఇంటికొచ్చాక ఒక చిన్న పని మిగులుతుంది. చాకును సానపట్టే మనిషి దగ్గరకు తీసుకెళ్లి మొన గుండ్రంగా అరగదీయించాలి. పరధ్యానంలో గుచ్చుకునే గాయాలు మొన వల్లే వస్తాయి, కూర తరగడానికి ఆ మొనతో పని లేదు. సైకిలు మీద చక్రం బిగించుకుని కత్తులకు సాన, కత్తెరలకు సాన అని కేకవేస్తూ వచ్చే మనిషి మీ వీధికి ఇంకా వస్తుంటే ఇది రెండు నిమిషాల పని.

మొన తీసేయమన్నారు కదా అని పదును కూడా తీసేయించకూడదు. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పొరపడతారు. చిన్నపిల్ల కదా, మొద్దు చాకు ఇస్తే తెగదులే అనుకుంటారు. మొద్దు చాకు టమాటా తోలు మీద నిలవదు. పిల్ల ఇంకాస్త బలం వేస్తుంది, భుజం కూడా ఆనిస్తుంది, అప్పుడది ఒక్కసారిగా పక్కకు జారి వేలి మీదకు వస్తుంది. పదును అంటే చాలా సన్నటి అంచు. అంచు ఎంత సన్నమైతే అంత తక్కువ బలానికి కూర తెగుతుంది. బలం తక్కువ వేస్తున్నప్పుడే చెయ్యి అదుపులో ఉంటుంది. పెద్దలు కాగితాన్నో టమాటానో కోసి చూసి, చాకు బరువుకే అలుగు దిగుతుందా లేదా పరీక్షించి మరీ ఇవ్వాలి.

రెండు మూడేళ్ల వాళ్లకు నైలాన్ చాకులు వస్తున్నాయి. అరటిపండు, మెత్తటి జామపండు వాటితో తెగుతాయి, వేలు తెగదు. మాంటిస్సోరీ బడుల్లో ఇంకో పనిముట్టు వాడతారు. అలలు అలలుగా ఉండే అలుగు, పైన పట్టుకోవడానికి పిడి. దాన్ని నిలువుగా కిందికి నొక్కడమే కాబట్టి చెయ్యి అలుగుకు పైనే ఉండిపోతుంది. మరియా మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. నీళ్లు వంపుకోవడం, పండు కోయడం, బల్ల తుడవడం లాంటి ఇంటిపనులను బొమ్మల్లా కాక నిజం సామానుతో చేయించాలన్నది ఆమె పద్ధతిలో మూలం. నైలాన్ చాకు ఒక మెట్టుగా పనికొస్తుంది. ఆరేళ్లొచ్చినా దాంతోనే ఆపేస్తే పిల్లకు కోసే నేర్పు రాదు, దాన్ని రంపంలా ముందుకూ వెనక్కూ లాగడం అలవాటవుతుంది.

ఎడమచేతి పిల్లల గురించి ఒక మాట. మన ఇళ్లలో వాడే చాకులకు అలుగు రెండు వైపులా వాలుగా ఉంటుంది, కనుక ఏ చేత్తోనైనా సమానంగా తెగుతాయి. ఒక వైపే వాలుండే కొన్ని జపాన్ చాకులు మాత్రం ఎడమచేతికి పనికిరావు. పిల్ల ఏ చేత్తో చెంచా పట్టుకుంటుందో ఆ చేత్తోనే చాకు పట్టనివ్వాలి. అన్నం తినే చెయ్యి, కోసే చెయ్యి అంటూ ఇక్కడ ఆచారం తీసుకురావద్దు. రాని చేత్తో కోయించడం ప్రమాదం.

ఉక్కు ఏది కావాలన్నది పెద్ద ప్రశ్న కాదు గానీ, తెలుగువాళ్లు దాని గురించి మాట్లాడుకోవడం న్యాయం. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించిన ఉక్కుకు పేరుపడ్డ ఊరు. ఆ ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు అక్కడిదాకా వచ్చేవారని హెన్రీ వోయ్సీ రాసిన, 1832లో అచ్చయిన వివరణలో ఉంది. ఎక్కువ కార్బన్ ఉన్న అలాంటి ఉక్కుకు పదును తొందరగా ఎక్కుతుంది, కానీ తడి తగిలితే తుప్పు, నిమ్మకాయ తగిలితే నలుపు. మామిడికాయ, చింతపండు, నిమ్మకాయ లేని పూట లేని ఇంట్లో పిల్ల చాకుకు స్టెయిన్‌లెస్ స్టీలు చాలు. కాస్త పెద్దయ్యాక, తుడిచి నూనె రాసిపెట్టే ఓపిక వచ్చాక, కమ్మరి చేసిన నల్ల చాకు ఇవ్వవచ్చు.

ఆ కమ్మరి చాకును చేయించడం ఒక పండగ లాంటిది. ఊళ్లో కొలిమి ఇంకా వెలుగుతుంటే పిల్లను తప్పక తీసుకెళ్లాలి. ముందుగా ఒక కాగితం మీద పిల్ల చెయ్యి పెట్టి చుట్టూ గీత గీసి ఇస్తే, పిడి కొలత ఆయనకు తెలుస్తుంది. కమ్మరులు చాలాచోట్ల లారీల పాత కమాను పట్టీలతో కత్తులూ కొడవళ్లూ చేస్తారు. స్ప్రింగు కోసం చేసిన ఉక్కు కాబట్టి అది గట్టిగా ఉంటుంది, వంగినా విరగదు. పిల్ల చాకుకు మాత్రం ఆ మందం ఎక్కువ, బాగా సాగగొట్టి పలచన చేయమని అడగాలి. దూరంగా నిలబడి చూసే పిల్లకు అక్కడ కనిపించేది పుస్తకాల్లో దొరకదు. ఎర్రగా కాలిన ఇనుము దాగలి మీద సమ్మెట దెబ్బకు సాగుతుంది. సుమారు 770 డిగ్రీలు దాటితే ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు. ఇంకాస్త కాగాక నూనెలోనో నీళ్లలోనో ముంచితే బిరుసెక్కుతుంది, అలా వదిలేస్తే గాజులా పెళుసు. మళ్లీ 200 డిగ్రీల దరిదాపుల్లో మెల్లగా వేడిచేస్తే పెళుసుతనం తగ్గి పదును నిలిచే గట్టిదనం మిగులుతుంది. సానచక్రం మీద నీళ్లు చల్లకుండా అరగదీసి అంచు నీలం రంగుకు తిరిగిందంటే, అక్కడి గట్టిదనం పోయినట్టే. పిడికి తుమ్మ చెక్కో వేప చెక్కో వేయించి, అంచులన్నీ గుండ్రంగా చేయించాలి. తన చెయ్యి కొలతకు తన కళ్లముందే తయారైన వస్తువును పిల్ల ఎంత జాగ్రత్తగా చూసుకుంటుందో చెప్పనక్కర్లేదు.

పిల్లే స్వయంగా చేసుకునే చాకు ఇంకొకటుంది, అదే స్వీడన్ పిల్లల వెన్న కత్తి. ఏడెనిమిదేళ్లు వచ్చి కోయడం బాగా అలవాటయ్యాక దాన్ని మన కర్రతో చెక్కించవచ్చు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చాలా తేలిక, చాలా మెత్తన. ఆ కళాకారులు ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర కూడా పనిముట్టుకు సులువుగా లొంగేదే. రెండూ దొరక్కపోతే అప్పుడే కొట్టిన పచ్చి వేపకొమ్మ చాలు, పచ్చి కర్ర ఎండినదానికంటే తేలిగ్గా చెక్కుకు వస్తుంది. కర్ర కంటే ముందు సబ్బు. అమెరికాలో కబ్ స్కౌట్ దళాల్లో పిల్లలకు తొలి చెక్కుడు పాఠం సబ్బు బిళ్ల మీద చెప్పడం మామూలే. చాకు నియమాలు నేర్చుకుని ఒప్పజెప్పిన పిల్లకు ఒక కార్డు ఇస్తారు. నియమం తప్పినప్పుడల్లా కార్డు మూల ఒకటి కత్తిరించే ఆనవాయితీ ఉంది, నాలుగు మూలలూ పోతే చాకు పట్టే హక్కు పోతుంది. అక్కడి తెలుగు ఇళ్ల పిల్లలూ ఆ దళాల్లో చేరుతున్నారు. సంక్రాంతికి తాతగారి ఊరు వచ్చినప్పుడు ఆ కార్డు చూపించమని అడగండి, వాళ్లు సంతోషంగా చూపిస్తారు.

ఊళ్లో ఉన్న పిల్లలకైతే బొప్పాయి కాడ ఉంది. ఆకు కోసేసి, బోలు కాడకు ఒక చివర చిన్న చీలిక పెట్టి ఊదితే బూర మోగుతుంది. కోత ఎక్కడ ఎంత పెట్టాలో చెవికే తెలిసిపోతుంది. కాడ పాలు కంట్లో పడకుండా చేతులు కడిగించడం మరవకూడదు.

వంటింట్లో తొలి పాఠం ఎక్కడ చెప్పాలి? గట్టు దగ్గర స్టూలు వేసి నిలబెట్టడం ఇప్పుడు మామూలైంది. స్టూలు ఊగితే చాకు ఉన్న చెయ్యే ముందు గాల్లోకి లేస్తుంది. మన పాత అలవాటే మేలు: నేల మీద బాసింపట్టు వేసి కూర్చోబెట్టి, ఎదురుగా ఎత్తు పీట, దాని మీద కోతచెక్క, చెక్క జారకుండా కింద తడిగుడ్డ. పడిపోయే భయం ఉండదు, మోచెయ్యి సరైన ఎత్తులో ఉంటుంది. అయితే నేల మీదకు వచ్చాం కదా అని కత్తిపీట ముందు కూర్చోబెట్టకూడదు. కత్తిపీటలో అలుగు నిలబడి ఉంటుంది, కాయే కదులుతుంది, రెండు చేతులూ దాన్ని పట్టుకుని అంచు వైపు నెడతాయి. ఎన్నో ఏళ్ల అలవాటు ఉన్న చేతులకు అది గొప్ప పనిముట్టు. ఆరేళ్ల పిల్లకు కాదు.

మొదటి రోజు అరటిపండు. తరవాత ఉడికించిన బంగాళాదుంప, పనీరు. చెయ్యి కుదిరాక కీరా, బీరకాయ, లేత ఆనపకాయ ముక్కలు. ఇక్కడ ఒక నియమం పాటిస్తే సగం గాయాలు తప్పుతాయి. గుండ్రటి కాయను పెద్దలు ముందే నిలువునా రెండుగా చీల్చి, చదునైన వైపు చెక్క మీద ఆనేలా పెట్టి ఇవ్వాలి. దొర్లే కాయ మీద చాకు పెట్టడం పెద్దలకే కష్టం. బెండకాయలు కడిగి పొడిగుడ్డతో తుడిచి ఇస్తే జిగురు రాదు, ఒక్కో కోతకూ ఒక్కో నక్షత్రం లాంటి చక్రం ఊడిపడుతుంది, పిల్లలు ఆ పని వదలరు. పచ్చిమిర్చి వద్దు, కారం చేతులతో కళ్లు నలుపుకుంటారు. కంద, గుమ్మడి, పచ్చి క్యారెట్టు గట్టివి, అవి తరవాతి ఏళ్లకు. ఆవకాయ రోజుల్లో కాయలు కొట్టే పెద్ద కత్తి దగ్గరకు పిల్లలను రానివ్వకండి. కొట్టిన ముక్కల్లోంచి జీడి తీసి, టెంక మీది పొర ఒలిచి, గుడ్డతో తుడిచే పని ఎప్పటిలాగే వాళ్లది.

కూర పట్టుకున్న చేతి వేళ్ల కొసలు లోపలికి ముడుచుకుని ఉండాలి. నోటితో చెబితే పిల్లలకు అంటదు, చూపించాలి. మన ఇళ్లలో అమ్మలూ నాన్నలూ చాలామంది చెక్క వాడరు. టమాటా ఎడమచేతిలో పట్టుకుని, చాకును తమ బొటనవేలి వైపే లాగుతూ గిన్నెలోకి తరిగేస్తారు. పిల్ల చూసేది అదే, చేసేదీ అదే. కనుక పిల్ల చాకు పట్టిన రోజు నుంచి పెద్దలు కూడా చెక్క మీదే తరగాలి. ఇది చిన్న మార్పులా కనిపించినా, ఈ విషయంలో ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి లేదు.

చెక్కుడు పనికి మరికొన్ని జాగ్రత్తలున్నాయి. కూర్చునే చెక్కాలి. అలుగు ఎప్పుడూ ఒంటికి అవతలి వైపు సాగాలి. తొడల మధ్య కర్ర పెట్టుకుని చెక్కకూడదు, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. చాకు చేతిలో ఉండగా చెయ్యి చాచి చుట్టూ తిప్పితే ఎంత మేర వస్తుందో, ఆ మేరలో ఇంకెవరూ ఉండకూడదు. ఒకరి చేతి నుంచి ఒకరు అందుకోకుండా, ఒకరు కింద పెట్టాకే మరొకరు తీసుకోవాలి. ఎవరైనా పిలిస్తే ముందు చాకు పెట్టేయాలి, ఆ తరవాతే తలెత్తాలి.

ఇన్ని చేసినా ఏదో ఒక రోజు వేలు తెగుతుంది. ధారగా పడే మంచినీళ్ల కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుంటే చిన్న గాటు ఆగిపోతుంది. కాఫీ పొడి, పసుపు అద్దకండి. పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకున్నా, వేలు వంగకపోయినా, తిమ్మిరిగా ఉందన్నా డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలోనూ పేడలోనూ ఉండే సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. జాతీయ టీకాల పట్టికలో 5, 6 ఏళ్ల మధ్య డీపీటీ బూస్టరు ఉంది, ఆ తరవాత 10, 16 ఏళ్లకు టీడీ. చాలా ఇళ్లలో మరచిపోయేది ఆ బూస్టరునే. చాకు కొనే ముందు టీకా కార్డు తీసి చూడండి. వేలు తెగిన రోజు అరిచి చాకు లాక్కోవడం సులువు, కానీ అక్కడితో నేర్పు ఆగిపోతుంది. ఎలా తెగిందో పిల్ల చేతనే చెప్పించి, కట్టు ఊడాక మళ్లీ అదే చాకు ఇవ్వాలి.

ఆడపిల్లకు తొందరగా, మగపిల్లవాడికి అసలే లేకుండా చాకు ఇచ్చే పద్ధతి మన ఇళ్లలో ఇంకా ఉంది. ఎనిమిదేళ్ల చెల్లి బీన్స్ ఒలుస్తూ తరుగుతుంటే, తొమ్మిదేళ్ల అన్న టీవీ ముందు ఉంటాడు. తొలి చాకు విషయంలోనైనా ఈ తేడా పోవాలి. ఇద్దరికీ ఒకే వయసులో, ఒకే రకం చాకు, ఒకే పని. తరిగిన కూర పోపులోకి వెళ్లాలి, భోజనాల దగ్గర ఈ ముక్కలు ఎవరివో అందరికీ తెలియాలి.

పని అయ్యాక చాకు కడిగించండి, వెన్ను వైపు నుంచి తుడవడం నేర్పండి. ఆపైన అది పెద్దల చేతికే వచ్చి, ఎత్తయిన సొరుగులోకే వెళ్లాలి, ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే మరీ ముఖ్యం. బడికి, బస్సులోకి, ఆటస్థలానికి అది వెళ్లకూడదు, దానికి మినహాయింపు పెట్టకండి. ఇవ్వడానికి మంచి రోజు వెతుక్కుంటే దసరా ఉంది. ఆయుధపూజ నాడు ఇంట్లోని పనిముట్లన్నిటికీ బొట్టుపెట్టే అలవాటు ఉన్న ఇళ్లలో, పిల్ల చాకునూ ఆ వరసలో పెట్టి మర్నాడు చేతికివ్వవచ్చు.

కొనే ముందు మాత్రం ఒకటి తేల్చుకోండి. వారంలో రెండు పూటలు, అరగంట చొప్పున, ఫోను పక్కన పడేసి పిల్ల పక్కన పీట వేసుకుని కూర్చోగలరా? కూర్చోగలిగితే ఈ ఆదివారమే కొనండి. ఇప్పుడు కుదరదనిపిస్తే ఆ తీరిక దొరికేదాకా ఆగండి.